భీమేశ్వరరావు నుదుటి మడతలు

ఆ మంగళవారం భీమేశ్వరరావు పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం ఆఫీసు నుంచి గంట ముందు జారుకుని సైకిలు బ్రేకులు బాగు చేయించుకోవాలి. మనిషి ఎంత చిన్న కోరిక కోరినా పైవాడికి తెలిసిపోతుంది కాబోలు, పదిన్నరకల్లా సూపరింటెండెంటు పురుషోత్తమన్ నుంచి పిలుపు వచ్చింది.

ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు కాపురమున్న వైట్ టౌన్ పేటలో ఆ సర్కారు ఆఫీసు పాత ఫ్రెంచి మేడలో ఉండేది. సముద్రపు గాలికి గోడలు చెమ్మగిల్లేవి, చెమ్మకు చెదలు పట్టేవి. ఆ చెదలు భీమేశ్వరరావు సర్వీసు పుస్తకంలో మొదటి పేజీని శుభ్రంగా భోంచేశాయి. అతని పుట్టిన తేదీ ఆ పేజీలోనే ఉంది. యానాంలో పుట్టినప్పుడు తండ్రి రిజిస్టరులో రాయించడం మరిచిపోయాడు కాబట్టి మరెక్కడా లేదు. 1982 నాటికి అతనికి నిజంగా యాభై ఒకటి. మొహం చూస్తే మాత్రం అరవై. పాతికేళ్లుగా జనం అర్జీలను పాత రికార్డులతో సరిచూస్తూ, ఫ్రెంచి గుమాస్తాల చేతిరాత కళ్లు చికిలించి చదివీ చదివీ నుదుటి మీద నాలుగు మడతలు, కళ్ల పక్కన లెక్కలేనన్ని గీతలు పడ్డాయి. కొత్తగా వచ్చిన పురుషోత్తమన్ ఆ మొహాన్ని ఒకసారి, చెదలు తిన్న పేజీని ఒకసారి చూసి, కాగితం చేతికిచ్చాడు. వయసు తేల్చడానికి ఇరవై నాలుగో తేదీన మెడికల్ బోర్డు ముందు హాజరు కావాలనీ, రాకపోతే యాభై ఎనిమిది నిండినట్టే భావిస్తామనీ అందులో ఉంది. యాభై ఎనిమిదంటే ఆ నెలాఖరుకే ఇంటికి.

ఇల్లంటూ ఉంటే ఆ మాట అంత భయపెట్టేది కాదు. ముత్తియాల్‌పేటలో ఉన్నది అద్దె వాటా. ఉద్యోగం పోతే యానాం వెళ్లి బావమరిది ఇంట్లో వెనక గదిలో ఉండాలి. బావమరిది చెడ్డవాడు కాదు, అసలు చిక్కు అదే. ఆప్యాయంగా అన్నం పెడతాడు, పెట్టిన సంగతి ఊరందరికీ అంతకంటే ఆప్యాయంగా చెబుతాడు. కిందటి వేసవిలో అక్కడ నాలుగు రోజులున్న పాపానికి, బజారులో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా బావగారికి ఆకలి ఎలా ఉందని అడిగారు. ఇక ఆ గదిలో మిగిలిన జీవితమంతా అనుకునేసరికి భీమేశ్వరరావు సైకిలు బ్రేకుల సంగతే మరిచిపోయాడు.

మధ్యాహ్నం కాఫీ దగ్గర ఈ గోడు విన్నవాళ్లు ఇద్దరు. ఒకరు బాపిరాజు, తనలాగే యానాం నుంచి వచ్చినవాడు. రెండోవాడు నరసింహన్, నాలుగు తరాల కిందటే ముత్తియాల్‌పేటలో స్థిరపడిన తెలుగు కుటుంబం వాడు. తెలుగు చదవడం రాదు గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. తలకు రంగు వేసుకుంటాడు, ఆ సంగతి ఎవరికీ తెలియదనుకుంటాడు.

"రావన్నా, డాక్టరు ఫస్టు ఏంది చూస్తాడు? మొగమే గదా. దాన్ని మార్చేస్తే సరి," అన్నాడు నరసింహన్.

మార్చేవాళ్లు కూడా దగ్గరలోనే ఉన్నారట. లోగనాయకి అనే ఆవిడ పన్నెండేళ్లు పారిస్‌లో ఉండి వచ్చి, వైట్ టౌన్‌లో ఒక మేడ మీద బ్యూటీ పార్లర్ పెట్టింది. మొహానికి ఏదో మందు పూస్తుంది. నాలుగో రోజుకి పాత చర్మం పొరలుగా ఊడిపోయి, కింద మడతల్లేని కొత్త చర్మం వస్తుంది. ముగ్గురూ వెనక మెట్ల మీదుగా, ఎవరూ చూడకుండా వెళ్లారు. లోగనాయకి నిజాయితీపరురాలు. మండుతుందని, వాస్తుందని, ఒక్కోసారి చర్మం నల్లబడుతుందని, ఏం జరిగినా తనది పూచీ కాదని చెప్పి, ఆ మాటే రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టమంది.

ముగ్గురూ బీచి గట్టు మీద కూర్చుని రెండు గంటలు ఆలోచించారు. ఒకామెకు నెల రోజులు కనురెప్పలు మూతపడలేదని నరసింహన్ ఎక్కడో విన్నాడు. కళ్లు తెరిచి నిద్రపోగలిగితే ఆఫీసులో అంతకంటే కావలసిందేమిటని వాళ్లలో వాళ్లే సర్దిచెప్పుకున్నారు. బాపిరాజు అనుమానం మాత్రం తీరలేదు.

"అది కాదండీ భీమేశ్వరరావు గారూ, పాత తోలు ఊడిపోయాక కొత్తది రాకపోతే ఏంటండీ మన పరిస్థితి?"

అందుకని ముందు నరసింహన్ పూయించుకునేట్టు, అతను బతికి బట్టకడితే బాపిరాజు, ఆ తర్వాత భీమేశ్వరరావు పూయించుకునేట్టు నిర్ణయించారు. స్నేహం అంటే అదని భీమేశ్వరరావు కళ్లు చెమర్చాయి. నరసింహన్‌కు అది స్నేహం కోసమా, సొంత సోకు కోసమా అన్నది వేరే విషయం.

నరసింహన్ మొహం వారంలో ఒలిచిన కోడిగుడ్డులా తేలింది. బాపిరాజుదీ అంతే. ఈ లోపల భీమేశ్వరరావుకు మిగిలినవి తొమ్మిది రోజులు. అతని మడతలు లోతైనవని, నెల తేడాతో రెండుసార్లు పూయాలని లోగనాయకి చెప్పింది. అతను చేతులు జోడించాడు. బావమరిది కథంతా చెప్పాడు. ఆవిడకూ ఒక ఆడపడుచు ఇంట్లో ఉన్న అనుభవం ఉందేమో, మనసు కరిగి, రెండు పూతలూ ఒకేసారి పూసింది.

తెల్లారేసరికి మొహం ఎర్రగా వాచి, కళ్లు పూడుకుపోయి, బుగ్గల మీద బొబ్బలు లేచాయి. భార్య మంగాయమ్మకు అతను ఈ వైద్యం సంగతి చెప్పలేదు. ఆవిడ మొగుడి మొహం చూసి వెంటనే లెంపలు వేసుకుంది. అమ్మవారు పోసిందనుకుంది. పది నిమిషాల్లో గుమ్మానికి వేపమండలు కట్టింది. పక్కవాటా అంబుజం మారియమ్మ గుడికి పరిగెత్తి పసుపునీళ్లు తెచ్చింది. అప్పటికైనా నిజం చెప్పాల్సింది. కానీ భార్య అంత భక్తిగా దండం పెడుతుంటే, అది తల్లి కాదు పారిస్ మందు అని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. పైగా పెదాలు కూడా వాచి ఉన్నాయి.

అక్కడి నుంచి వ్యవహారం అతని చేతిలో లేదు. మంగాయమ్మ ఆఫీసుకు కబురు పంపింది. ఆఫీసులో అతని కుర్చీని ఫినాయిలుతో కడిగి ఎండలో పెట్టారు. ఇరవై ఒక్క రోజులు గడప దాటవద్దని పురుషోత్తమన్ ఉత్తరువు ఇచ్చాడు, బోర్డు తేదీని మాత్రం మార్చలేదు. ఆవిడ యానాంకు కూడా టెలిగ్రాం కొట్టింది. మర్నాడే బావమరిది జవాబు వచ్చింది. వెనక గదికి సున్నం వేయించానని, దిగులు పడవద్దని. వేపాకుల పక్క మీద పడుకుని అది విన్న భీమేశ్వరరావు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ కన్నీళ్లు కొత్త చర్మం మీద పడి భగ్గున మండాయి. తమ్ముడి మంచితనానికి కరిగిపోయాడనుకుని మంగాయమ్మ కూడా ఏడ్చింది.

ఇరవై మూడో తేదీకి వాపు తగ్గి, పై పొరంతా ఊడిపోయింది. ఇక దాచి లాభం లేదని భార్యను కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. కొత్తగా మెరుస్తున్న నుదుటి మీద వేలు పెట్టి మడతల కోసం వెతికింది.

"ఆ మడతలు చూసే కదండీ, ఇన్నాళ్లూ మీకు కోపం వచ్చిందో ఆకలేసిందో పోల్చుకున్నాను. ఇక ఎలాగండీ నాకు తెలిసేది?"

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదని అతనికి అనిపించింది. మర్నాడు ఆవిడే వేపమండలు విప్పి, పెరుగన్నం పెట్టి పంపింది.

బోర్డులో ముగ్గురు డాక్టర్లు. ఇద్దరు స్నేహితులూ వరండాలో నిలబడ్డారు. పెద్ద డాక్టరు అతని మొహం వైపు కన్నెత్తి చూడలేదు. పళ్లు లెక్కపెట్టాడు, కంట్లో దీపం వేశాడు, మోకాళ్లు వంచమన్నాడు, ఎక్స్‌రేలు దీపానికి ఎత్తి చూశాడు. చివరికి యాభై ఒకటి అని రాశాడు. భీమేశ్వరరావుకు కాళ్ల మీద పడాలనిపించింది. ధైర్యం చేసి, మొహం చూడరా సార్ అని అడిగాడు. మొహాన్ని నమ్మితే మీ సూపరింటెండెంటుకు ఎనభై వేయాలంటూ ఆయన నవ్వాడు. ఆ నవ్వుతోనే సర్వీసు పుస్తకం రెండో పేజీ తిప్పాడు. ఆ పేజీని చెదలు ముట్టుకోలేదు. గుర్తింపు కోసం రెండు పుట్టుమచ్చలు రాసి ఉన్నాయందులో. ఒకటి ముక్కుకు ఎడమ పక్కన, రెండోది గడ్డం మీద.

డాక్టరు ముందు ఉత్త కళ్లతో వెతికాడు. తర్వాత భూతద్దం పట్టాడు. మిగతా ఇద్దరినీ పిలిచాడు. మడతలతో పాటు మచ్చలు కూడా పోయాయన్న సంగతి భీమేశ్వరరావుకు అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లలో ఎన్ని వందల అర్జీలు, మచ్చలు సరిపోలేదని తన చేత్తోనే వెనక్కి పంపాడో గుర్తొచ్చి, ముక్కు పక్కన వేలితో తడుముకున్నాడు. హాజరైన వ్యక్తి వయసు యాభై ఒకటి అనీ, ఇతడే భీమేశ్వరరావు అనడానికి ఆధారం దొరకలేదనీ బోర్డు సర్టిఫికెట్ ఇచ్చింది.

ముగ్గురూ దాన్ని పట్టుకుని ఆఫీసుకు పరిగెత్తారు. పాతికేళ్లుగా ఎరుగుదుమని స్నేహితులు సాక్ష్యానికి ముందుకొచ్చారు. పురుషోత్తమన్ వాళ్లిద్దరి నున్నటి మొహాలు పరీక్షగా చూసి, వాళ్ల సర్వీసు పుస్తకాలు కూడా తెప్పించాడు. బాపిరాజు నుదుటి మచ్చ కనబడలేదు. నరసింహన్ చెంప మీదిదీ లేదు. సాక్షులు ఎవరో తేలాక సాక్ష్యం తీసుకుంటానన్నాడు ఆయన. అంతదాకా భీమేశ్వరరావుకు డ్యూటీ లేదు. యానాం వెళ్లి, అక్కడి అధికారి ముందు దగ్గరి బంధువు చేత ప్రమాణం చేయించి తేవాలి. ఎన్నాళ్లు పడుతుందంటే, నాలుగు నెలలు పట్టవచ్చు, ఎనిమిదీ పట్టవచ్చు. అన్నాళ్లూ అక్కడ ఎక్కడుండాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

భీమేశ్వరరావు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, నేనండీ. నా గొంతు గుర్తుపట్టలేదా?"

పురుషోత్తమన్ సర్టిఫికెట్‌ను ఫైల్లో పెట్టి, ట్యాగు కట్టి, మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"ఆయనకు ఇంకా ఏడేళ్ల సర్వీసు ఉందంటే చాలా సంతోషం. భీమేశ్వరరావు గారు డ్యూటీకి రాగానే ఈ సంగతి తెలియజేస్తాను."