బూడిద పలక మీద పదేళ్ళు

మనిషి ఈ భూమ్మీద కట్టినవాటిల్లో ఇంతవరకూ బీటలు వారనిది ఒక్కటే, నిబంధన. వంతెన కుంగుతుంది, గోడ పగులుతుంది, పైకప్పు మొదటి వానకే కారుతుంది. నిబంధనకు మాత్రం ఎండా లేదు, వానా లేదు. (రాసిన చెయ్యి వణకడం మొదలుపెట్టినా అది వణకదు.) ఈ సంగతి అందరికన్నా ఆలస్యంగా తెలుసుకున్నవాడు, పాపం, ఆ నిబంధన రాసినవాడే.

ఆయన్ని అందరూ కొలతలాయన అంటారు. ప్రభుత్వ కట్టడాల్లో వాడబోయే కొత్త రకం ఇటుకలు, పలకలు, గొట్టాలు గట్టివో కావో తేల్చి ధ్రువపత్రమిచ్చే మండలిలో ఉద్యోగం. చేరిన మొదటి వారంలోనే అధ్యక్షుడి కుర్చీ కొలిచి, ఉండవలసినదానికన్నా రెండంగుళాలు పొట్టిదని నివేదిక ఇచ్చాడు. అధ్యక్షుడు ఆ రోజంతా నిలబడే పనిచేశాడు. కొలతలాయన పేరు స్థిరపడింది.

పదేళ్ళ కిందట ఆయన మేనకోడలు, స్వయానా అక్క కూతురు, ఒక పలకను ఆటోలో వేసుకుని మండలికి వచ్చింది. బూడిద, నార కలిపి తను తయారుచేసిన పలక. మంచమంత పొడుగు, ఇద్దరు చెరో పక్కా పట్టుకుంటే గాల్లోకి లేస్తుంది. గొడ్డలితో కొడితే గొడ్డలికే సిగ్గేస్తుంది.

"మావయ్యా, పెద్దాసుపత్రి ముందు మెట్లు తెలుసుగా? పద్నాలుగు. వారం వారం అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోస్తున్నారు. పక్కన వాలుబాట వేద్దామంటే కింద అంతా మెత్తటి నేల, సిమెంటు వేస్తే దిగబడిపోతుందట. ఇది తేలిక కాబట్టి నిలుస్తుంది. ఆసుపత్రివాళ్ళు కూడా సరేనన్నారు. మీ ఆఫీసు కాగితం ఒక్కటి ఉంటే చాలు."

"దానిదేముందమ్మా!" అన్నాడు కొలతలాయన. అని, వెంటనే ఇటూ అటూ చూశాడు. నలుగురు గుమాస్తాలు తలలు వంచుకుని చెవులు నిక్కబొడుచుకుని ఉన్నారు. మేనకోడలికి మేలు చేశాడన్న మాట పడతానేమోనని ఆయనకు భయం పట్టుకుంది. పేరున్న నిజాయితీపరుడు మరి.

మామూలుగా కొత్త పలకకు పరీక్షాకాలం పది నెలలు. ఆయన ఆ రాత్రికి రాత్రే... కాదు కాదు, ఆఫీసు వేళల్లోనే, అందరూ చూస్తుండగా, కొత్త నిబంధన రాశాడు: పరీక్షించే ఉద్యోగికి బంధువులు తయారుచేసిన వస్తువైతే పరీక్షాకాలం పదేళ్ళు. పలక మీద ఉద్యోగి స్వయంగా తన కుర్చీ, బల్లతో సహా కూర్చోవాలి. మొదటి రోజు బరువు చివరి రోజు వరకూ ఉండాలి. అర కిలో తేడా వస్తే లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి.

మండలి చప్పట్లు కొట్టింది. మేనకోడలు మాత్రం ఆ చప్పట్లలో చేతులు కలపలేదు.

"పరాయిదాన్నయి పుడితే పది నెలల్లో అయ్యేదన్నమాట" అంది.

"నీ మంచికేనమ్మా. రేపు నిన్ను ఎవరూ వేలెత్తి చూపకూడదు."

"వేలి సంగతి సరే మావయ్యా. అమ్మను ఎత్తే చేతుల సంగతి చెప్పు."

దానికి నిబంధనల్లో సమాధానం లేదు కాబట్టి ఆయన ఇవ్వలేదు.

అలా పలకను రెండు ఇటుక దిమ్మెల మీద పరిచి, దాని మీద బల్ల వేసి, కుర్చీ వేసి, కుర్చీలో కొలతలాయనను వేశారు. ఆ రోజు ఆయన అరవై ఎనిమిది కిలోలు. కింద వంపును కొలిచే ముల్లు ఒకటి బిగించారు. (ముల్లు పనిచేస్తోందా అని అడిగిన ఇంజనీరును దూరాన ఉన్న శాఖకు పంపారు. అక్కడ ముళ్ళకు కొదవ లేదు.) అందరికన్నా జానెడు ఎత్తున కూర్చోవడంతో వచ్చినవాళ్ళంతా ఆయనే అధ్యక్షుడనుకుని దండాలు పెట్టేవాళ్ళు. ఆయన వాటిని కాదనలేదు. దండానికి బరువుండదు కదా.

ఇంట్లో మాత్రం పరిస్థితి వేరు. ప్రతి సోమవారం స్టోరు కాటా మీద నిలబడాలి. ఆదివారం సాయంత్రం నుంచే ఆయన ముఖం తేలిపోయేది.

"ఇంకో ముద్ద పెట్టనా?" అనేది భార్య.

"వద్దు. రేపు సోమవారం."

"నేను కట్టుకున్నది మనిషినా, తూకంరాయినా?"

సెలవు పెడితే అరవై ఎనిమిది కిలోల ఇసుక బస్తా ఆయన కుర్చీలో కూర్చునేది. ఓసారి జ్వరంతో నాలుగు రోజులు బస్తాయే ఉంది. ఆ నాలుగు రోజుల్లో వచ్చిన ముగ్గురిలో ఇద్దరు, సారు చాలా ఓపిగ్గా విన్నారని ఫిర్యాదుల పుస్తకంలో మెచ్చుకోలు రాసి వెళ్ళారు.

అసలు చిక్కు ఫైళ్ళ దగ్గర వచ్చింది. మొదటి రోజు బల్ల మీద నలభై ఒక్క ఫైళ్ళున్నాయి. అవీ బరువులో భాగమే. ఒక ఫైలు కదలాలంటే అంతే బరువున్న మరో ఫైలు వచ్చి కూర్చోవాలి. ఆ అర కిలో వెసులుబాటు తన ఒంటికే చాలదని ఫైళ్ళకు గ్రాము తేడా కూడా ఆయన ఒప్పుకునేవాడు కాదు, అలాంటి జత కుదిరేది కాదు. అందుకని కొలతలాయన వాటిని కదపడం మానేశాడు. అందులో తడవని ఇటుకలున్నాయి, తుప్పు పట్టని గొట్టాలున్నాయి, ఎవరెవరివో ఆశలున్నాయి. ఆ గొట్టాల తాలూకు మనిషి నెల నెలా మొదటి గురువారం వచ్చేవాడు. "మళ్ళీ నెల రండి" అనేవాడు కొలతలాయన, ఎంతో మర్యాదగా. మర్యాదలో ఆయనకు ఎవరూ వంక పెట్టలేరు.

తొమ్మిదేళ్ళ పదకొండు నెలలు గడిచాయి. అప్పుడు ఎవరికీ గుర్తురాని సంగతి ఒకటి బయటపడింది. కొలతలాయన ఆ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. పరీక్ష పూర్తికావడానికి ఆ తర్వాత ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. ఆయన స్థానంలో వస్తున్న కొత్త అధికారి బరువు ఎనభై నాలుగు.

మేనకోడలు పరుగున వచ్చింది. పదేళ్ళ కిందట నల్లగా ఉన్న జుట్టులో తెల్ల పాయ ఒకటి దిగింది.

"మళ్ళీ మొదటి నుంచా మావయ్యా? ఆసుపత్రివాళ్ళు వచ్చే నెల ఇరవై దాకా చూస్తామన్నారు. ఆపైన ఆ జాగాలో సైకిల్ స్టాండ్ కట్టేస్తారట. మోసే నలుగురిలో ఇద్దరికి నడుములు పడిపోయాయి, ఇప్పుడు వాళ్ళనే మోసేవాళ్ళు కావాలి. అమ్మేమో, మీ మావయ్య ఉన్నాడుగా, వాడు చూసుకుంటాడులే అంటోంది."

ఆ చివరి మాట కొలతలాయనకు ఎక్కడో తగిలింది. కొత్త అధ్యక్షుడి గదిలోకి వెళ్ళాడు.

"ఆ పంతొమ్మిది రోజులూ ఇసుక బస్తాను పెడదామండీ."

అధ్యక్షుడు నిబంధన తీసి చదివాడు. "సెలవులో ఉన్న ఉద్యోగికి బదులుగా బస్తా అని ఉంది. సెలవు పెట్టాలంటే ముందు ఉద్యోగి ఉండాలి కదండీ. మీరు ఉండరు."

"పోనీ నేనే వచ్చి ఊరికే కూర్చుంటాను."

"బయటి మనుషుల్ని పరీక్షలో ఉన్న పలక ఎక్కనివ్వకూడదని ఉంది. మీ చేతిరాతేనండి. ఎంత ముత్యాల్లా రాశారో!"

తను రాసిన గోడకు తలుపు పెట్టడం మర్చిపోయినట్టు ఆయనకు అప్పుడు అర్థమైంది. దిగాలుగా వరండాలో నిలబడితే, పదేళ్ళుగా ఆయన్ని తూచిన స్టోర్ కీపరమ్మ పలకరించింది.

"మనుషులకు పర్మిషన్ లేదు గానీ సార్, సామానుకుంది. వెనక గేటు నుంచి వస్తువుగా రండి. స్టాకు పుస్తకంలో ఎక్కించుకుంటా."

మండలి మూడుసార్లు సమావేశమై ఇందులో తప్పేమీ లేదని తేల్చింది. రిటైరైన మర్నాడు, మెడలో వేసిన దండ ఇంకా వాడకముందే, కొలతలాయన వెనక గేటు దగ్గర ఇసుక లారీ వెనకాల వరుసలో నిలబడ్డాడు. స్టోర్ కీపరమ్మ పుస్తకం తెరిచింది.

"వస్తువు పేరు?"

"బరువు అని రాయమ్మా."

"ఎన్ని?"

"ఒకటే."

"కొత్తదా, వాడినదా?"

ఆయన తనను తాను ఓసారి కిందికీ పైకీ చూసుకున్నాడు. "వాడింది అని రాయి."

ఆమె కలం చివరతో ఆయన మోకాలి మీద తట్టి చూసింది. లోపలేదో కిర్రుమంది. "కొంత అరిగినది అని రాస్తాన్సార్. రేపు ఆడిటువాళ్ళు వస్తే నేను మాట పడాలి."

వస్తువు మాట్లాడకూడదు. వస్తువుకు టీ ఇవ్వరు. వస్తువు ఫైలు తెరవకూడదు, సంతకం పెట్టకూడదు. కొత్త అధికారి తన కుర్చీ వరండాలో వేసుకుని, వచ్చిపోయేవాళ్ళకు దారిస్తూ కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. లోపల పలక మీద కొలతలాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదుట ఉన్న నలభై ఒక్క ఫైళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. పదేళ్ళలో మొదటిసారి, చూడ్డం తప్ప మరో పని లేకపోవడంతో, అట్టల మీద తేదీలు చదివాడు. చదివి, చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు.

మొదటి గురువారం గొట్టాల మనిషి వచ్చాడు. ఎప్పటిలాగే చేతులు కట్టుకుని నిలబడి తన సంగతంతా చెప్పుకున్నాడు. కొలతలాయనకు ఏదో చెప్పాలని గొంతుదాకా వచ్చింది, వస్తువు కాబట్టి మింగేశాడు. ఆ మనిషి కాసేపు చూసి, బయటికొచ్చి స్టోర్ కీపరమ్మతో అన్నాడు:

"సారులో మార్పేం లేదమ్మా. కాకపోతే ఇవ్వాళ మళ్ళీ నెల రమ్మని అనలేదు. మనసులో ఏదో జాలి పుట్టినట్టుంది."

పంతొమ్మిదో రోజు సాయంత్రం అయిదింటికి ముల్లు చూశారు. కదల్లేదు. బరువు తూచారు. అరవై ఏడు కిలోల ఆరువందల గ్రాములు. అర కిలోకు నూరు గ్రాముల లోపలే! మేనకోడలు గేటు అవతల నుంచే చప్పట్లు కొట్టింది. స్టోర్ కీపరమ్మ, తగ్గిన నాలుగువందల గ్రాములకు 'వాడకంలో తరుగు' అని రాసుకుని, వస్తువును వాపసు చేసింది. గేటు దాటగానే ఆయన మళ్ళీ మనిషయ్యాడు. ముందుగా టీ అడిగాడు.

మర్నాడు ధ్రువపత్రం తయారైంది. కొత్త అధికారే రాశాడు, మంచి శ్రద్ధగలవాడు, ఏదీ కలపడు, ఏదీ దాచడు. కింద సాక్షి సంతకానికి కొలతలాయనను పిలిచారు. మేనకోడలు పక్కనే నిలబడింది. ఆసుపత్రివాళ్ళు అప్పటికే వాలుబాట దిమ్మెలకు ముగ్గు పోసి ఉన్నారు.

"చదివి పెట్టు మావయ్యా. నువ్వు చదవకుండా పెట్టవుగా."

ఆయన కళ్ళజోడు తగిలించుకున్నాడు. పలక వంగలేదు, పగలలేదు, తడవలేదు, ప్రభుత్వ కట్టడాలకు అన్నివిధాలా పనికొస్తుంది అని ఉంది. అడుగున 'పరీక్షాకాలంలో గమనించినవి' అన్న గడిలో మరో వాక్యం ఉంది: "ఈ పదేళ్ళలో పలక మీద బరువు ఉండటం తప్ప మరే పనీ జరిగినట్టు రికార్డుల్లో లేదు."

కొలతలాయన దాన్ని రెండుసార్లు చదివాడు. తేదీలు సరిచూశాడు. కొలతలో ఎక్కడా తేడా కనిపించలేదు.

సంతకం పెట్టాడు.