కిందికి పైరవీ

బొగ్గు కనిపెట్టిన నాటి నుంచి గనిలోంచి పైకి రావడానికి పైరవీ చేసినవాళ్లు లెక్కలేనంతమంది. పైనుంచి గనిలోకి దిగడానికి పైరవీ చేసిన మొదటి మనిషి మాత్రం గోదావరిఖని తోమాసే. ఆయన పేరు రాతి మీద చెక్కించదగ్గది. (రాయికి టెండరు పిలవాలి కాబట్టి ఇంకా చెక్కించలేదు.)

ఇందులో తోమాసు తప్పేమీ లేదు. ఆయన రక్తంలో హెపటైటిస్ సి అనే వైరస్ కొన్నేళ్ల కిందట కాపురం పెట్టింది. కాలేయంతో ఊరుకోక రక్తనాళాలను కూడా వాపెక్కించింది. పిక్కల మీద ఎర్రటి మచ్చలు, అరికాళ్లలో సూదులు గుచ్చినట్టు తిమ్మిరి. మూడు నెలలు మాత్రలు మింగాక వైరస్ మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. ఆ రోజు భార్య ఎలిజబెత్ సెంటినరీ కాలనీలో తమ వరుస క్వార్టర్లన్నిటికీ లడ్డూలు పంచింది. కరీంనగర్ డాక్టరమ్మ సంధ్యారాణి మాత్రం సగం లడ్డూయే తిని, ఒక మాట చెప్పింది.

"వైరస్ పోయింది, సంతోషం. కానీ ఇన్నేళ్లు దానితోని కొట్లాడి మీ రక్తానికి ఒక చెడ్డ అలవాటు పడ్డది. చలి తగిలితే అందులో కొన్ని ప్రోటీన్లు గడ్డకట్టి సన్నటి నాళాలకు అడ్డం పడతయి. చాలామందికి ఇది మెల్లగ తగ్గిపోతది. కొద్దిమందికి వైరస్ లేకున్నా తిరగబెడతది. ఆర్నెల్లకోసారి చూపించుకోవాలె, చలికి దూరంగ ఉండాలె. కాళ్లకు పుండ్లు పడితే మానుడు కష్టం."

గోదావరిఖనిలో చలికి దూరంగా ఉండడమంత తేలిక పని ఇంకొకటి లేదు. ఎండాకాలం ఆ ఊళ్లో చలి దొరికే చోటు ఒకే ఒక్కటి, గని ఆఫీసులోని సీసీ కెమెరాల గది. జబ్బుపడి లేచినవాడని జాలిపడి బొగ్గు కంపెనీ, అప్పటిదాకా గనిలో పనిచేసిన తోమాసుకు సరిగ్గా ఆ గదిలోనే లైట్ డ్యూటీ వేసింది.

కంప్యూటర్లకు వేడి పడదు గనుక అక్కడ ఏసీని పద్దెనిమిది దగ్గర పెట్టి, రిమోట్‌ను బీరువాలో పెట్టి తాళం వేశారు. (తాళంచెవి ఉన్న సారు శ్రీరాంపూర్ బదిలీ అయ్యాడు. తాళంచెవి కూడా బదిలీ అయింది.) మే నెలలో ఊరంతా మాడిపోతుంటే తోమాసు మంకీ క్యాప్, స్వెటర్, రెండు జతల మేజోళ్లు తొడుక్కుని డ్యూటీకి బయలుదేరేవాడు. కుక్కలు మొరగడం మానేసి చూసేవి. పెద్దలెవరైనా "చల్లగుండు బిడ్డా" అని దీవించబోతే ఎలిజబెత్ చెయ్యి అడ్డం పెట్టేది.

కొద్ది రోజుల్లోనే మచ్చలు మళ్లీ వచ్చాయి. సెలవు పెట్టి ఇంట్లో ఉంటే తగ్గాయి. తోమాసుకు విషయం బోధపడి, సంక్షేమాధికారి వేణుమాధవ్ దగ్గరికి వెళ్లాడు.

"సార్, నన్ను మళ్ల బొగ్గుబాయిల ఎయ్యుండ్రి. కింద ఎచ్చగ ఉంటది."

వేణుమాధవ్ లేచి తలుపు వేశాడు. "ఎవ్వలన్న బెదిరిచ్చిండ్రా తోమాసూ?"

"లేదు సార్. ఏసీ పడ్తలేదు."

"పడకపోవుడేంది? ఏసీ అందరికి పడ్తది." (ఇది ఆయన అభిప్రాయం కాదు, సర్క్యులర్.)

గనిలోంచి పైకి రావడానికి రకరకాల ఫారాలున్నాయి. కిందికి పోవడానికి ఒక్కటీ లేదు, అడిగినవాడు లేడు కాబట్టి అచ్చు వేయించలేదు. ముందుగా నిఘా విభాగం వారు, ఈయన కింద ఏదో దాచుకున్నాడేమోనని గనంతా వెతికి, బొగ్గు తప్ప ఏమీ దొరకలేదని నివేదిక ఇచ్చారు. తర్వాత గదిలో నిజంగా చలి ఉందా అని తేల్చడానికి ఒక కమిటీ వచ్చింది. మే నెలలో లోపలికి వెళ్లిన కమిటీ వానలు పడ్డాక గానీ బయటికి రాలేదు. చలికి ఆధారాలు లేవనీ, హాయి మాత్రం ఉందనీ తేల్చింది.

పక్క క్వార్టర్ నర్సింగం గనిలో పనిచేస్తూ, పైకి రావడానికి ఏళ్లతరబడి తిరుగుతున్నవాడు. "ఫికర్ చెయ్యకు తోమాసన్నా. నువ్వు నా జాగలకు రా, నేను నీ జాగలకు పోత" అన్నాడు.

ఇంత తేలికైన పరిష్కారం చూసి ఆఫీసు బెదిరిపోయింది. హడావుడిగా నిబంధన వెతికారు. లైట్ డ్యూటీ మార్చుకోవాలంటే ఇద్దరికీ ఒకే జబ్బు ఉండాలి.

"నీ రోగం నాకు అంటదా అన్నా?" అని ఆశగా అడిగాడు నర్సింగం.

"పోయిందిరా తమ్మీ, ఇంక లేదు" అన్నాడు తోమాసు, క్షమాపణ చెబుతున్నట్టు.

చివరికి మెడికల్ బోర్డు ముందు హాజరు కమ్మన్నారు. కాళ్ల మీద మచ్చ లేకపోతే గనికి పంపుతారట. ఎలిజబెత్ ఆయన చేత సెలవు పెట్టించి, ఇల్లు కదలనివ్వకుండా చూసుకుంది. కాళ్లు అద్దంలా తయారయ్యాయి. బోర్డు రోజు పొద్దున్నే వెళ్తే, కూర్చోబెట్టిన హాలు సరికొత్తది, నిండా ఏసీ. మధ్యాహ్నం దాటినా పిలుపు లేదు. ఆమె ఆయన కాళ్లకు చద్దరు చుట్టి, గుమాస్తా కిటికీ దగ్గరికి పోయి మొరపెట్టుకుంది.

"జర జల్ది పిలువుండ్రి సార్. మా ఆయన చెడిపోతుండు."

సాయంత్రం లోపలికి పిలిచి ప్యాంటు ఎత్తించేసరికి మచ్చలు హాజరు.

"సార్, ఇవి మీ హాలుల కూసుంటే వచ్చినయి" అన్నాడు తోమాసు.

"హాల్లో రోగాలు రావు" అన్నాడు బోర్డు పెద్ద. చలికి దూరంగా ఉంచితే ఈయన ముందుముందు బాగానే ఉంటాడని డాక్టరమ్మ రాసిన ఉత్తరంలో, బాగానే ఉంటాడన్నంత వరకు తీసుకుని, గనికి అనర్హుడు, కెమెరాల గదికి అర్హుడు అని తీర్పిచ్చాడు.

దసరా నాటికి ఎడమ చీలమండ దగ్గర పుండు పడింది. ఎలిజబెత్ దాన్ని కడుగుతూ ఏడ్చేది. ఆ ఏడుపు వినలేక తోమాసు టీవీ సౌండు పెంచేవాడు. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, వైరస్ లేదు గానీ నాళాల వాపు తిరగబెట్టిందని, మళ్లీ వైద్యం మొదలుపెట్టాలని రాసిచ్చింది. ఆ కాగితం పట్టుకుని తోమాసు కుంటుతూ బోర్డు దగ్గరికి వెళ్లాడు.

బోర్డువారు దాన్ని శ్రద్ధగా చదివి, ఒకరినొకరు అభినందించుకున్నారు. ఇంత నాజూకు మనిషిని గనిలోకి దింపి ఉంటే ఏమైపోయేవాడోనని రికార్డులో రాసుకున్నారు.