అవ్వ ఫొటోను నడుమకు జరిపిన మహాసంగ్రామము

వినుడు, తీరిక గల జనులారా! ఏ పురమున జూన్ మాసమందు సైతము కోటు గుండీ విప్పుటకు మనుష్యుడు రెండుమార్లు ఆలోచించునో, ఏ పురమున చలి తొమ్మిది నెలలు కాపురముండి తక్కిన మూడు నెలలు చుట్టపుచూపుగా వచ్చిపోవుచుండునో, ఆ నరిన్ పురమున, మంచుకిరీటధారులగు పర్వతముల నీడలో, కళాశాల రెండవ అంతస్తున, పదునాలుగు కంప్యూటర్లు గలదై, అందు ఆరు మాత్రమే ప్రాణములతో నున్నదై, ఆ ఆరింటిలో రెండు గుడ్డు పెట్టబోవు కోడివలె రొదచేయునదై విలసిల్లు పన్నెండవ నంబరు గదిలో, శుక్రవారము ఉదయము తొమ్మిదిన్నర మొదలు పన్నెండు గంటల వరకు సాగిన ఘోరసంగ్రామమును గానము చేసెదను. నాకు వీణ లేదు. మూడు తీగల కోముజ్ ఒకటున్నది. ఈ కథకు రెండు తీగలు చాలును.

కథానాయిక పేరు బెగాయిమ్. వయస్సు పందొమ్మిది. ఆమె ఆయుధములు రెండు: ఎడమకు తోసిన కుడికి పోవు మౌసు, ఊడిన మీట స్థానమున ఎవరో నమిలిన చూయింగ్ గమ్ అంటించిన కీబోర్డు. ఆమె ఎదుర్కొనవలసినది ‘వెబ్‌సైట్ రూపకల్పన ప్రాథమికములు’ అను కోర్సు తుది పరీక్ష. పరీక్షాంశము పలుకుటకు సులువు. మీ ఇంటివారి పనిని గురించి ఒక పేజీ చేయుడు, అందొక ఫొటో ఉంచుడు, ఆ ఫొటో పేజీకి సరిగా నడుమ నిలువవలెను. ఇంతే. సామ్రాజ్యములు కూడ ఇంతకంటె చిన్న మాటల మీదనే కూలినవి.

ఆమె రాజ్యము కొరకు పోరాడుటలేదు. పన్నెండు గంటలకు కళాశాల గేటు ముందర ఒక ట్రక్కు ఆగును. విప్పి కట్టిన గుడారము, పాలబానలు, ఇనుప పొయ్యి, వీటన్నిటి మీద అధికారము చలాయించుచు బుబుష్ అవ్వ, ఇవన్నియు ఆ ట్రక్కులో సోన్‌కోల్ సరస్సు ఒడ్డునున్న వేసవి మేతభూములకు పోవును. పరీక్ష నెగ్గినచో బెగాయిమ్ కూడ పోవును. తప్పినచో, తిరుగు పరీక్ష కొరకు జూలై అంతయు, ఆగస్టు సగమును ఈ గదిలోనే కోడిరొద వినుచు కూర్చుండవలెను. ప్రతి వేసవియు అవ్వ ప్రక్కన పడుకొని గుడారపు కప్పు కన్నము గుండ చుక్కలు చూచిన పిల్ల ఆమె. ఈ ఏడు ఆ వేసవి మరింత విలువైనది, ఏలయన అవ్వ వారము క్రిందట మోకాళ్ళకు గొఱ్ఱెకొవ్వు రాచుకొనుచు ఇట్లనెను:

“ఇదే ఆఖరుసారి కొండెక్కడం. వచ్చే ఏడు నేనుంటానే, ఈ మోకాళ్ళే ఉండవు.”

ఆ మాటకు బెగాయిమ్ నవ్వినది. తరువాత దొడ్డిలోనికి పోయి ఏడ్చినది.

ఇక గురువర్యుని సంగతి. షార్షెన్ అగాయ్ మహాపండితుడు. అగాయ్ అని మేము ప్రతి ఉపాధ్యాయుని పిలుతుము, పండితుడా కాడా అని విచారింపము. ఆరు యంత్రములకు ముప్పది ఇద్దరు శిష్యులు ఉండుటచేత, ఆయన తొలి పదునొకండు వారములు వెబ్‌సైటును నోటుపుస్తకమున కలముతో వ్రాయించెను. మౌసు బొమ్మ గీయించి నీలి రంగు దిద్దించెను. శీర్షిక క్రింద ఎర్రసిరాతో రెండు గీతలు లేనివానికి ఇంటర్నెట్టు వంటబట్టదని ఆయన సిద్ధాంతము. కావున మా పురమున తలక్రిందులుగా వ్రేలాడదీసినను కోడ్ అప్పజెప్పగల యువజనము మెండు. దానిని యంత్రములో వేసిన ఏమగునో చూచినవారు మాత్రము అరుదు.

బెగాయిమ్ తన అవ్వ చేయు ఉన్ని తివాచీల గురించి పేజీ కట్టసాగెను. పేజీ అంతటిని మోయు పెద్ద పెట్టె ఒకటి కావలెను. ఆ పెట్టెకు పేరు పెట్టవలెను. లోకమున తక్కిన విద్యార్థులు ఏమి పేరు పెట్టుదురో నాకు తెలియదు. ఆమె మాత్రము ‘దస్తర్‌ఖాన్’ అని పెట్టెను. పేరు పెట్టిన పాపమునకు ఆ పెట్టెను అతిథుల ముందర పరచు విందుగుడ్డగానే చూడసాగెను. దానికి ఎర్రరంగు వేసెను. అందులో అవ్వ ఫొటో నిలిపెను. నిలిపినంతనే అవ్వ పోయి తెర ఎడమ అంచునకు అతుక్కొనెను.

అప్పుడు మొదలైనది యుద్ధము. నోటుపుస్తకము నలుబదిమూడవ పుట, రెండు ఎర్రగీతల క్రింద, ఇట్లున్నది: ‘పెట్టెకు వెడల్పు చెప్పుము. ఎడమ కుడి మార్జిన్లను ఆటో అని వదలుము. మిగిలిన చోటును యంత్రమే రెండు వైపులకు సమముగా పంచును.’ బెగాయిమ్ వెడల్పు చెప్పినది, మార్జిన్లను ఆటో అని వదలినది. తక్షణమే ఎర్రని దస్తర్‌ఖాన్ కుంచించుకొని, ఇరుప్రక్కల తెల్లని బోడినేల బయటపడెను. అవ్వ మాత్రము ఆ కుంచించిన గుడ్డకు ఎడమ అంచుననే ఉండెను. ఆ బోడినేలను చూచి వీరాంగన ముఖము కందిపోయెను. గోడ నుండి గోడకు పరువని దస్తర్‌ఖాన్ మా వైపు ఏ యింటనైన ఉన్నదా? కొసన కూర్చున్న అతిథి రొట్టె ఎక్కడ పెట్టుకొనును? ఆమె వెడల్పును చెరిపివేసెను. గుడ్డ మరల గోడ నుండి గోడకు పరచుకొనెను. పెట్టె మొత్తము తెర నిండినపుడు పంచుటకు మిగులు చోటెక్కడిది? యంత్రము పంచలేదు. అవ్వ కదలలేదు.

ఇట్లు పదునేడు మార్లు జరిగెను. మార్జిన్లను ఒక వైపు పెంచెను, ఫొటో సగము తెర బయటకు పోయెను. ఇంకొక వైపు పెంచెను, అవ్వ శిరస్సు మాత్రము మిగిలెను. కీబోర్డుఘాతధ్వనిదిగ్భ్రాంతకంప్యూటరకుక్కుటారావసంకులమగు ఆ రణరంగమున, స్వేదబిందుసిక్తలలాటయై, లేచి నిలిచి, ‘ఓరీ దుర్మార్గపు పెట్టే! నేను ఏడుతరముల అశ్వారోహకుల సంతతిదానను, నిన్ను జయింపక ఈ కుర్చీ విడువను’ అని ఆమె గర్జించెనని వ్రాయవలెనని నాకును కోరికయే. కాని ఆమె అన్నది ఇది:

“ఛీ, దీని మొహం మండ.”

ప్రక్క యంత్రము ముందర తిలెక్ అను శూరుడు కూర్చుండెను. తండ్రిగారి టైర్ల కొట్టు మీద వాడు చేసిన పేజీలో టైరు ఎనిమిది నిముషములలో నడుమ నిలిచినది. టైరుకు మర్యాదల పట్టింపు లేదు.

“ఏంటే, మీ అవ్వ ఇంకా ఆ చివరే నిలబడిందా?” అనెను తిలెక్. “మార్ష్రుత్కా బస్సు కోసం చూస్తోందేమో, వచ్చాక చెప్పు.”

“నోరుమూసుకుని నీ టైరు తిప్పుకో.”

“తిప్పక్కర్లేదమ్మా, నడిమధ్యలో ఉంది. గుడ్డకి ఫొటో అంత వెడల్పు రాసేస్తే పోలా? ఎవడొచ్చి తింటాడు నీ దస్తర్‌ఖాన్ మీద?”

“మీ ఇంట్లో మీరు గుడ్డ మడతపెట్టి పరుస్తారేమో. మా ఇంట్లో పరవరు.”

“తిలెక్! బెగాయిమ్!” అని షార్షెన్ అగాయ్ బల్ల మీద కొయ్యస్కేలుతో కొట్టెను. “పరీక్షలో మాట్లాడితే ఇద్దర్నీ జూలైలో కూర్చోబెడతా.”

జూలై అను మాట వినగానే బెగాయిమ్ గోడ వైపు చూచెను. గడియారము పదునొకండు ఇరువది చూపుచుండెను. ఆమెకు తెలిసిన విద్య అయిపోయినది. నోటుపుస్తకపు పుటలు కూడ అయిపోయినవి.

అట్టి విషమఘడియయందు తలుపు తెరచుకొని, తెల్లని తలగుడ్డతో, చేత నొక మూటతో, ఒక్కొక్క మోకాలిని బ్రతిమాలుకొనుచు, ఫొటోలోని మూర్తియే సాక్షాత్తుగా లోనికి వచ్చెను. ట్రక్కు ముందుగా వచ్చినదట. క్రింద కూర్చుండుటకు తోచక పైకి వచ్చెనట. రెండు అంతస్తుల మెట్లు ఎక్కలేని మోకాళ్ళు మనుమరాలి కొరకు ఎక్కినవి.

“చోంగ్ అపా, నువ్వెందుకొచ్చావ్? పరీక్ష జరుగుతోంది!” అని బెగాయిమ్ అవ్వతో గుసగుసలాడెను.

“జరగనీవే, నేనేం ఆపానా?”

పరీక్ష గదిలోనికి అన్యులు రాకూడదని తలుపు మీద బోర్డు ఉన్నది. ముసలివారు గదిలోనికి వచ్చిన లేచి నిలువవలెనని ఏ బోర్డు మీదను లేదు. అయినను, యంత్రముల కడ నున్నవారును వెనుక వరుసలలో వంతు కొరకు కాచుకొన్నవారును కలసి, ముప్పది ఇద్దరు శిష్యులతో సహా షార్షెన్ అగాయ్ లేచి నిలిచెను. తలుపునకు దూరముగా, కిటికీ క్రింద నున్న తన కుర్చీయే ఆ గదిలో గౌరవస్థానము. వేరు మార్గము లేక దానిని చూపెను.

“రండపా, ఇటు కూర్చోండి. కానీ ఇది పరీక్ష. పిల్లలతో మాట్లాడకూడదు.”

“మాట్లాడను నాయనా. నువ్వు ముందు ఇది రుచి చూడు. పొద్దున్నే వేయించాను.” అవ్వ మూట విప్పి రెండు బోర్‌సోక్‌లు ఆయన చేత పెట్టెను. పెద్దలు చేతికిచ్చిన రొట్టెను కాదనువాడు మా దేశమున ఇంకను పుట్టలేదు. పండితుడు నోట పెట్టుకొనెను. అవి కొంచెము గట్టిగా వేగినవి.

కూర్చున్న చోటినుండి అవ్వ మనుమరాలి తెర వైపు చూచెను. తెరకు ఎడమ ప్రక్కనే గది తలుపు ఉన్నది. అవ్వ కన్నులు చిట్లించెను.

“ఏమే! నన్ను గుమ్మం పక్కన కూర్చోబెట్టావేంటే?”

“నేను కూర్చోబెట్టలేదు చోంగ్ అపా. అది అక్కడికే పోతోంది.”

“ఆ ఎర్రదేంటి?”

“దస్తర్‌ఖాన్. గోడనుంచి గోడకి పరిచాను.”

“బాగుంది, అలాగే పరవాలి. మరి నన్ను దాని మీద ఎక్కించావేం? దస్తర్‌ఖాన్ మీద పెట్టడానికి నేనేమన్నా బోర్‌సోక్‌నా?”

గది అంతయు ఘొల్లుమనెను. షార్షెన్ అగాయ్ “మ్మ్! మ్మ్!” అని చేయి ఊపెను. అది నియమోల్లంఘనమును గూర్చిన హెచ్చరికయో, పొలమారుటయో, ఎవరికిని తెలియలేదు. కడపటి వరుసలోని ఒకడు మంచినీళ్ళ సీసా అందించెను.

“మనిషిని గుడ్డ మీద కాదే, పరుపు మీద కూర్చోబెడతారు,” అనెను అవ్వ. “దస్తర్‌ఖాన్‌కి కొలతుండదు, ఎంతమందొస్తే అంత. పరుపుకి మాత్రం ఉంటుంది. ఒక మనిషికి ఒక మనిషంత. పంతొమ్మిదేళ్ళొచ్చాయి, పరుపు వెయ్యడం కూడా నేనే చెప్పాలా?”

బెగాయిమ్ అవ్వను చూచి, తెరను చూచినది. మరుక్షణము కీబోర్డు మీదికి దూకినది. దస్తర్‌ఖాన్‌ను ముట్టలేదు, అది గోడ నుండి గోడకు ఎర్రగా, ఉదారముగా, అట్లే పరచుకొని యుండెను. దాని లోపల ఇంకొక చిన్న పెట్టె తెరచి, దానికి ‘పరుపు’ అని పేరిడి, వెడల్పు ఫొటో అంతే, అనగా మూడువందల పిక్సెలు చుక్కలని చెప్పి, ఎడమ కుడి మార్జిన్లను ఆటో అని వదలి, అవ్వ ఫొటోను అందులోనికి చేర్చి, నోటుపుస్తకములో ఎన్నడును ఎర్రగీత పడని ఒక చిన్న ప్రార్థన చేసి, మీట నొక్కెను.

అవ్వ కదలెను.

తెర ఎడమ అంచును విడిచి, తలగుడ్డ చెదరకుండ, ఒక్క పట్టున వచ్చి నడుమ నిలిచెను. రెండు గంటలుగా తిట్లు తిన్న ఆ యంత్రమే మిగిలిన చోటును ఇరువైపుల సమముగా పంచి, ఎరుగని దానివలె కోడిరొద చేయుచుండెను.

“ఓర్నీ, వచ్చేసింది!” అనెను తిలెక్. వాని కంఠమున ఎగతాళి లేదు.

ఇంతలో షార్షెన్ అగాయ్ నోరు ఖాళీ చేసికొనెను. మీసమునకు అంటిన పొడి దులుపుకొనుచు, కొయ్యస్కేలు చేతబూని, తెర దగ్గరకు వచ్చి, గాజు మీద స్కేలు ఆనించి కొలిచెను. కోడ్ చూచి నిర్ణయించుట అల్పుల పని. ఎడమ పదమూడు సెంటీమీటర్లు. కుడి పదమూడు. ఆయన ఇంకొకమారు కొలిచెను. తప్పు దొరకలేదు.

“బయటివాళ్ళు సాయం చేశారు,” అనెను ఆయన, తనకే వినబడునట్లు.

“ఎవరు నాయనా?” అనెను అవ్వ, ఆయన కుర్చీలోనుండి.

“ఎవరూ లేరపా.”

ఆయన బెగాయిమ్ మార్కుల పుస్తకము తెరచి, ‘ఉత్తీర్ణురాలు’ అని వ్రాసి, అలవాటు చొప్పున దాని క్రింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసెను. అవ్వ ఇంకను తెరనే చూచుచుండెను.

“ఇది ఎవరు చూస్తారే?”

“లోకమంతా చూడొచ్చు చోంగ్ అపా.”

“లోకమంతా వస్తే ఒక్క పరుపేం సరిపోతుంది? ఇంకో నాలుగు వెయ్యి.”

“పైకెళ్ళొచ్చాక వేస్తాను,” అని బెగాయిమ్ యంత్రమును ఆర్పివేసెను. ఆమె కన్నులు తడిగా ఉండెను, తుడుచుకొనలేదు.

మెట్లు దిగునపుడు అవ్వ బరువు సగము మనుమరాలి భుజము మీద ఉండెను. ప్రతి మెట్టుకును ఆగి, “అమ్మో” అనుకొని, మరల దిగిరి. ఇదే ఆఖరుసారి అను మాట ఎవరును ఎత్తలేదు. ఇద్దరికిని గుర్తున్నది.

గేటు ముందర ట్రక్కు హారను మ్రోగుచుండెను. సామాను నిండిపోయినందున ముందరి సీటులోనే ముగ్గురును ఇరుకుకొనవలసి వచ్చెను. ఎడమ వైపున లావుపాటి డ్రైవరు. కుడి వైపున దుప్పటి చుట్టుకొన్న అవ్వ. వారి నడుమ, ఎటు కొలిచినను సరిసమానమగు చోట, మార్కుల పుస్తకము ఒడిలో పెట్టుకొని బెగాయిమ్.

కావున జనులారా, చాటింపు వేయుడు! తివాచీలు నేయు ఒక ముసలమ్మ ఫొటో, మానవజాతి చరిత్రయందు మున్నెన్నడు లేనివిధముగా, పదమూడు సెంటీమీటర్లు కుడికి జరిగినది! ఈ గాథ వినినవారికి ఎక్కిన ప్రతి బస్సులోను, పోయిన ప్రతి పెండ్లి విందులోను గుమ్మము ప్రక్క కాక మంచి చోటు దొరుకుగాక!

ట్రక్కు కదలి వంతెన దాటుచుండగా అవ్వ మోచేతితో పొడిచెను.

“కొంచెం అటు జరగవే.”

బెగాయిమ్ అవ్వ భుజము మీద తల వాల్చెను.

“జరగను,” అనినది.