మన్ను మిగిలిన సైటు

బెంగళూరులో అద్దె ఇల్లు అనే మాటే వినపడకుండా చేస్తానని జయరామప్పగారు 1948 ఉగాది నాడు ప్రకటించారు. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండకముందే ఆయన ఇళ్ళ సంఘం పెట్టి, తానే అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఎండలో ఆయనకు గొడుగు పట్టే గౌరవం నాది. కాబట్టి జరిగినదంతా దగ్గరుండి చూశాను.

తొలి సభ్యుడు చిక్కమునియప్ప అనే నేతగాడు. గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే గుంట మగ్గం అతనిది. అద్దె ఇంటి యజమాని గుంట పూడ్చి ఖాళీ చెయ్యమన్నాడు. ఇతను తన రెండు మగ్గాల్లో ఒకటి అమ్మి సంఘానికి కట్టాడు. మిగతా సొమ్ము సంఘమే అప్పుగా ఇచ్చింది.

"పెద్ద ఇల్లొద్దు స్వామీ. మగ్గానికి గుంట తవ్వుకునేకి నాదనే నేల ఉంటే చాలు."

"గుంటేందప్పా, బంగళానే కట్టుకో," అన్నారు అధ్యక్షులవారు.

స్థలం ఎంచడంలో ఆయన శాస్త్రం తప్పలేదు. మూరెడు గుంట తవ్వి, తీసిన మన్ను మళ్ళీ అందులోనే పొయ్యాలి. మిగిలితే వృద్ధి, చాలకపోతే క్షయం. మొదట మడివాళ మిట్ట చూశాం. మంచి ఎర్రమన్ను. గుంట పూడ్చింది అధ్యక్షులవారి బావమరిది ఓబళప్ప. మన్ను పోస్తూ పావుగంట కాళ్ళతో తొక్కారు. అంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు. మన్ను జానెడు తగ్గింది.

"క్షయం ఉండాది. ఈ నేల మా జనానికి ఇయ్యను," అన్నారు అధ్యక్షులవారు.

తర్వాత బెళ్ళందూరు చెరువు పక్క పల్లం. అది ఓబళప్ప నేలే కావడం సంఘం అదృష్టం. అక్కడ ఆయన పసిబిడ్డకు ఉగ్గు పోసినట్టు మన్ను మెల్లగా వదిలారు. తట్టెడు మిగిలింది. ధర కూడా కొంచెం పొంగింది. సంఘం కొని పంచింది.

వానలు పడ్డాక చిక్కమునియప్ప మగ్గానికి గుంట తవ్వి, తడిసిన పంచెతో వచ్చాడు.

"మోకాలి దాకా నీళ్ళుండాయి స్వామీ. యాడ కూచోని నేసేది?"

"బావి ఖర్చు మిగిలె కదప్పా."

అయినా కమిటీ వేశారు. సభ్యుడు ఓబళప్ప ఒక్కరే. తప్పు చెరువుదేనని తేల్చారు. నాకు చిక్కమునియప్ప మొహం చూడాలంటే సిగ్గేసింది. గొడుగు మాత్రం వదల్లేదు.

కార్తీకంలో అధ్యక్షులవారి సొంత బంగళాకు భూమిపూజ జరిగింది, మడివాళ మిట్ట మీద. జనం మొహమొహాలు చూసుకున్నారు.

"దోషమున్న నేల ఊరిమీద పడి ఉండకూడదు. ఆ క్షయమేదో నేనే నెత్తినేసుకుంటాను," అన్నారాయన. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

కూలీల్లో చిక్కమునియప్ప ఉన్నాడు. మగ్గం ఆగింది గాని సంఘానికి నెలనెలా కట్టాల్సిన అప్పు కంతు ఆగలేదు. శాస్త్రం కోసం మళ్ళీ గుంట తవ్వమన్నారు. అతనే తవ్వాడు, అతనే పూడ్చాడు. తొక్కలేదు. తట్టెడు మన్ను మిగిలింది. దాని వంక చూశాడు, ఓబళప్ప కాళ్ళ వంక చూశాడు.

"ఈ మిగిలింది యాడ పొయ్యల్ల స్వామీ?"

"నువ్వే ఎత్తుకపో అప్పా, దుడ్డేమీ వద్దు. బెళ్ళందూర్లో నీ గుంట పూడ్చుకో."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టేవాణ్ణే. చేతిలో గొడుగు ఉంది.