ఏడు నుంచి ఆరు దాకా ర్యాంపు

మా నియోజకవర్గంలో ప్రజాస్వామ్యం పొద్దున ఏడు గంటలకు వచ్చి సాయంత్రం ఆరు గంటలకు వెళ్ళిపోతుంది. వచ్చేటప్పుడు ఒట్టి చేతులతో రాదు. ఒక చెక్క ర్యాంపు, నాలుగు ఫ్యాన్లు, రెండు పెద్ద మంచినీళ్ళ డబ్బాలు, ఒక చక్రాల కుర్చీ, లోపలి గడియ పనిచేసే ఒక మరుగుదొడ్డి వెంటబెట్టుకుని వస్తుంది. వెళ్ళేటప్పుడు వాటన్నిటినీ మళ్ళీ బండికెత్తుకుని మరీ పోతుంది. తన సామాను తనే తెచ్చుకుని తనే తీసుకుపోయే ఇంత పద్ధతైన చుట్టం మీ ఇంటికి ఎప్పుడైనా వచ్చాడా? మా బడికి ఐదేళ్ళకోసారి వస్తాడు.

నేను ఆ బడిలో మూడో తరగతి పంతుల్ని. రెండు గదులు, ఒక వరండా, వరండా ముందు మూడు మెట్లు. పక్కనున్న మురుగుకాలవ పొంగినా లోపలికి రాకూడదని పునాది ఎత్తుచేసి, ఒక్కో మెట్టునీ మోకాలెత్తున కట్టారు. మురుగునీళ్ళను ఆపడంలో ఆ మెట్లు నూటికి నూరుపాళ్ళు విజయం సాధించాయి. చిట్టిని ఆపడంలోనూ సాధించేవే గానీ, ఆయా అడ్డుపడింది.

ఆయా అంటే మా బడి ఊడ్చి, గంట కొట్టి, వీధి కొళాయి నుంచి నీళ్ళు మోసుకొచ్చే మనిషి. చిట్టి ఆమె మనవరాలు, నా తరగతే. ఎడమకాలు పుట్టుకతోనే సన్నం. చంకలో కర్ర పెట్టుకుని చదునైన నేల మీద నాకంటే వేగంగా నడుస్తుంది. మెట్ల దగ్గరికొచ్చి ఆగుతుంది. ఆయా చీపురు పక్కన పడేసి వచ్చి, ఎత్తుకుని ఎక్కిస్తుంది. మళ్ళీ మధ్యాహ్నం దింపాలి, ఎక్కించాలి, సాయంత్రం దింపాలి. చిట్టికి తొమ్మిదేళ్ళు, బరువు పెరుగుతోంది. ఆయాకు అరవై దాటాయి, నడుం బలం తరుగుతోంది. ఇకమీదట బిందె కూడా ఎత్తకూడదని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు.

"నా మనవరాలు బిందె కాదు కదా బాబూ" అని వచ్చేసిందట. నాతో మాత్రం అసలు మాట చెప్పింది. "ఈ ఏడాది ఎట్లాగో లాగిస్తాను సారూ. వచ్చే ఏడు నావల్ల కాకపోతే ఇంట్లోనే కూచోబెడతా."

నేను చాలా బాధపడ్డాను. బాధపడటంలో మా ఉపాధ్యాయ లోకం పెట్టింది పేరు.

మా పెద్ద మాస్టారు బాధపడి ఊరుకునే రకం కాదు, అర్జీలు రాసే రకం. బడికి ర్యాంపు కావాలని ఆరేళ్ళలో పదకొండు అర్జీలు పెట్టారు. పదకొండింటికీ "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చింది. కట్టిన వంతెనల్ని కూడా ఇంతగా పరిశీలించని ప్రభుత్వం, కట్టని మా ర్యాంపుని ఆరేళ్ళు పరిశీలించిందంటే దాని శ్రద్ధను మెచ్చుకోవాలి.

ఇంతలో శాసనసభకు ఎన్నికలొచ్చాయి. మా నియోజకవర్గంలో పోటీ ఇద్దరి మధ్యే. ఒకాయన సిమెంటు అమ్ముతాడు, ఆయన్ని సిమెంటాయన అంటాం. రెండో ఆయన బస్సులు తిప్పుతాడు, బస్సులాయన అంటాం. ఇద్దరికీ ప్రజలంటే ప్రాణం. ఎవరి ప్రాణం అన్నది ఇక్కడ అప్రస్తుతం.

మా బడిలో పోలింగు ఆదివారం. శుక్రవారం మధ్యాహ్నానికే షామియానా సప్లయరు వ్యానేసుకుని వచ్చి, మూడు మెట్ల మీదా చెక్క ర్యాంపు పరిచి, దానిమీద తివాచీ కొట్టాడు. పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయారు. చిట్టి వెళ్ళలేదు. కర్ర ఆనించి మెల్లగా పైకి నడిచింది. కిందికి వచ్చింది. మళ్ళీ ఎక్కింది. పదిహేడుసార్లు ఎక్కి దిగింది, నేను లెక్కపెట్టాను. పద్దెనిమిదోసారి పోలింగ్ అధికారి చూశాడు. మామూలు రోజుల్లో ఆయన చేపల శాఖలో గుమాస్తా.

"పాపా, అది ఓటర్లకమ్మా. దిగు, తివాచీ మాసిపోతుంది" అన్నాడు, చాలా మర్యాదగా.

ఆదివారం పొద్దున ఆయన వరసలో నిలబడ్డ జనానికి చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. "ఓటు అమూల్యమైనది. దాన్ని ఎవరికీ అమ్ముకోవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు, ఎవరికీ చూపించవద్దు. ప్రాణం కంటే భద్రంగా కాపాడుకోండి" అన్నాడు. వరసలో మొదటి మనిషి ఆయా. ఆమెకు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ప్రభుత్వం ఏ కాగితం ఇచ్చినా ఒకటే మాట చెప్పింది, ఇది పోతే మళ్ళీ ఇవ్వం, భద్రంగా దాచుకో అని. రేషన్ కార్డు దాచుకుంది. మందుల చీటీలు దాచుకుంది. మొగుడు పోయినప్పుడు ఇచ్చిన కాగితమూ దాచుకుంది. ఇప్పుడు ఓటు కాగితం తీసుకుని, అట్టముక్క చాటుకు వెళ్ళి, నచ్చిన గుర్తు మీద ముద్ర గుద్ది, నాలుగు మడతలు పెట్టి, బొడ్డున దోపుకుని ఇంటికి వెళ్ళిపోయింది. పెట్టె దగ్గర కాపలా ఉన్న ఉద్యోగి ఆ సమయానికి ఫ్యాను తనవైపు తిప్పుకుంటున్నాడు.

సాయంత్రం చూస్తే పుస్తకంలో సంతకాలు ఆరువందల పన్నెండు, పెట్టెలో ఓట్లు ఆరువందల పదకొండు. మూడుసార్లు లెక్కపెట్టినా ఆ ఒక్కటీ పుట్టలేదు. మిగతా నియోజకవర్గమంతా కలిపి బస్సులాయన పంతొమ్మిది ఓట్ల ముందున్నాడు. అంటే గెలుపోటములు మా బడి పెట్టెలో ఉన్నాయి. ఇది కుట్ర అని ఇద్దరి మనుషులూ ఒకేసారి అన్నారు. వాళ్ళు ఒక మాట మీద నిలబడటం అదే మొదలు. వచ్చే ఆదివారం మళ్ళీ పోలింగు జరపాలని ఉత్తర్వు వచ్చింది. ఈలోగా ఆరు గంటలైంది కాబట్టి షామియానా సప్లయరు ర్యాంపు ఊడదీసుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం ఆయా నా దగ్గరికొచ్చి, "సారూ, ఆ కాయితం నా దగ్గరుంది. ట్రంకుపెట్టెలో అడుగున పెట్టా. ఆయన చెప్పాడు కదా" అంది.

ప్రభుత్వోద్యోగిగా పై అధికారులకు తెలియజేయడం నా విధి. తెలియజేద్దామనే అనుకున్నాను. అర్జీ కూడా మొదలుపెట్టాను. ఈలోగా శుక్రవారం వచ్చింది, వ్యాను వచ్చింది, ర్యాంపు మళ్ళీ పడింది. శనివారం ఒంటిపూట బడి. చిట్టి కర్ర పొడుచుకుంటూ, ఎవరి సాయమూ లేకుండా, గంట కొట్టకముందే వచ్చి తన బల్ల దగ్గర కూచుంది. ఆయా అలవాటుకొద్దీ మెట్ల దగ్గర చేతులు చాపుకుని నిలబడింది. ఎత్తుకోవడానికి ఎవరూ లేరని తెలిశాక ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తోచక కొంగుకి తుడుచుకుంది. నాకు కడుపు నిండిపోయింది. అర్జీ చింపేశాను.

రెండో ఆదివారం కూడా పెట్టెలో ఒక ఓటు తగ్గింది.

"మళ్ళీ పొరపాటున దాచావా ఆయా?" అన్నాను.

"లేదు సారూ. ఈసారి పొరపాటు కాదు" అంది.

మూడో ఆదివారానికి సంగతి వీధంతా పాకింది. అందులో వింతేమీ లేదు. వీధి కొళాయి రెండురోజులకోసారి వస్తుంది, పోలింగు రోజున డబ్బాల్లో చల్లటి నీళ్ళు వస్తాయి. ఇంట్లో ఫ్యాన్లు లేని ముసలివాళ్ళు ఓటేశాక కూడా ఆ చల్లగాలి కింద కూచుని దేశ భవిష్యత్తు గురించి ఆలోచించేవారు. గడియ ఉన్న మరుగుదొడ్డి ముందు ఓటర్ల వరస కంటే పొడవైన వరస ఉండేది. అందరూ ఆయా చూపిన బాట పట్టారు. మూడో ఆదివారం నలభై మూడు ఓట్లు తగ్గాయి. నాలుగోసారికి రెండువందల పన్నెండు. చేపల శాఖ గుమాస్తా ఇంటింటికీ తిరిగి, ఓటు ఏం చేశారని అడిగాడు. "భద్రంగా ఉందండీ" అని ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు. దాన్ని కుట్ర అనలేడు, అది ఆయన ఉపన్యాసమే.

ఈ మధ్యలో మా పెద్ద మాస్టారు పన్నెండో అర్జీ పెట్టారు. వారం వారం తెచ్చే ఆ ర్యాంపుని ఇక్కడే వదిలెయ్యమన్నారు. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. "ఎన్నికల నియమావళి అమలులో ఉన్నందున పాఠశాలకు కొత్త సదుపాయములు కల్పించుటకు వీలుపడదు. ఎన్నికలు ముగిసిన పిదప ఎన్నికల సామగ్రిని వినియోగించుటకు వీలుపడదు" అని. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సంగతిని ఇంత చక్కటి భాషలో నేనెప్పుడూ చదవలేదు.

పెద్ద మాస్టారు సిమెంటాయన దగ్గరికి వెళ్ళి రెండు బస్తాలు అడిగారు.

"ఇప్పుడిస్తే అది ప్రలోభం కిందకొస్తుంది మాస్టారూ" అన్నాడాయన. "గెలిచాక ఇస్తే అభివృద్ధి కిందకొస్తుంది. ఒకవేళ ఓడిపోయాననుకోండి, ఇక దేని కిందకీ రాదు."

బస్సులాయన బస్తాలు అమ్మడు కాబట్టి ఆయన్ని అడగలేదు. ఆయనే పిలిచి, తాను గెలిస్తే చిట్టికి జీవితాంతం ఉచిత బస్సు పాసు ఇస్తానన్నాడు. బస్సుకు కూడా మెట్లుంటాయని ఎవరూ ఆయన దృష్టికి తేలేదు.

నెల గడిచింది. శాసనసభలో మా సభ్యుడి కుర్చీ ఖాళీగానే ఉంది. దానివల్ల ఆగిపోయిన పని ఫలానా అని ఎవరూ చెప్పలేకపోయారు. షామియానా సప్లయరు మాత్రం రెండో వ్యాను కొన్నాడు.

చివరికి రాజధాని నుంచి పెద్ద అధికారి దిగాడు. మా వరండాలో కుర్చీ వేసుకుని ఆయాను పిలిపించాడు. అరెస్టు చేస్తారేమోనని నేను వణికాను, అందులో నా పేరు కూడా వస్తుందేమోనని ఇంకాస్త వణికాను. ఆయా వణకలేదు.

"వెయ్యకూడదని కాదు బాబూ" అంది. "వేస్తే మీరు ఆ చెక్కలు పట్టుకెళ్ళిపోతారు. ఈ పిల్ల మళ్ళీ కిందే నిలబడుతుంది."

ఆయన చిట్టి వంక చూశాడు, మెట్ల వంక చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అబద్ధం ఎందుకు, ఆయన నిజంగానే మంచివాడు. "దీనికి శాశ్వత పరిష్కారం నేను చూపిస్తాను. నా మాట నమ్మండి" అని, సిమెంటు ర్యాంపు, కొళాయి, ఫ్యాన్లు, మరుగుదొడ్డి నెలరోజుల్లో కట్టిస్తామని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఆయా చేతికిచ్చాడు. ఆమె దాన్ని బొడ్డున దోపుకుంది.

అయిదో ఆదివారం పుస్తకంలో ఆరువందల నలభై, పెట్టెలో ఆరువందల నలభై. ట్రంకుపెట్టెలో దాచిన పాత నాలుగు ఓట్లు కూడా ఆయా తెచ్చింది, కానీ అవి చెల్లవన్నారు. అంత భద్రంగా దాచినవి ఎందుకు చెల్లవో ఆమెకు బోధపడలేదు. సిమెంటాయన ఇరవై మూడు ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు.

ప్రభుత్వం మాట తప్పిందని మీరనుకుంటున్నారు కదా. తప్పలేదు. సరిగ్గా నెలరోజుల్లో ఇనుప కమ్మీలతో, నున్నటి సిమెంటుతో ర్యాంపు కట్టింది. కొళాయి వేసింది, ఫ్యాన్లు బిగించింది, గడియ ఉన్న మరుగుదొడ్డి కట్టింది. చిట్టి రోజూ వచ్చి, తడి ఆరిందా అని ఆ సిమెంటుని వేలితో నొక్కి చూసుకునేది. ఆరిన రోజునే ఉత్తర్వు వచ్చింది. "సదరు భవనమును శాశ్వత నమూనా పోలింగ్ కేంద్రముగా ప్రకటించడమైనది. విలువైన ఎన్నికల ఆస్తి విద్యార్థుల రాకపోకల వలన పాడగు అవకాశమున్నందున, తదుపరి ఎన్నికల వరకు తాళము వేసి ఉంచవలెను. పాఠశాలను సమీపములోని అద్దె భవనమునకు మార్చవలెను."

సమీపంలో ఖాళీగా ఉన్న అద్దె భవనం ఒకటే. టైర్ల కొట్టు మీది మేడ. అది బస్సులాయనది. ఓడినవాణ్ణి కూడా కలుపుకుపోవడమే ప్రజాస్వామ్యం గొప్పతనం. దానికి మెట్లు పద్దెనిమిది, ఒకరి పక్కన ఒకరు పట్టనంత ఇరుకు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది సారూ" అంది ఆయా. బొడ్డులోంచి పెద్ద అధికారి కాగితం తీసి నాకిచ్చి, బడి ఇక్కడే ఉంటుందని అందులో ఎక్కడైనా రాశాడేమో చూడమంది. రెండుసార్లు చదివాను. ఎక్కడా లేదు.

ర్యాంపు ప్రారంభోత్సవానికి మా కొత్త శాసనసభ్యుడు వచ్చాడు. నడవలేని ఒక్క మనిషి కూడా ప్రజాస్వామ్యానికి దూరం కాకూడదన్నదే తన ఆశయమని ముప్పావుగంట మాట్లాడాడు. ఫొటో కోసం చిట్టిని ముందు నడిపించారు. కమ్మీ పట్టుకుని దర్జాగా పైకి వెళ్ళి, తాళం వేసిన తలుపు దాకా పోయి, ఇటు తిరిగి నిలబడింది. ఫొటోలు తీసుకున్నారు. సిమెంటాయన ఆమె భుజం మీద చెయ్యేశాడు.

"పెద్దయ్యాక ఏమవుతావమ్మా? డాక్టరా, కలెక్టరా?"

చిట్టి తాళం వంక చూసింది. "ఓటరునవుతానండీ" అంది.

చప్పట్లు మారుమోగాయి. ఇంత చిన్న వయసులో ఎంత పౌర చైతన్యమో అని ఆయన కళ్ళొత్తుకున్నాడు. నేనూ కొట్టాను చప్పట్లు, ఏం దాచుకోను. మర్నాడు పేపర్లో ఆ మాటే పెద్ద అక్షరాల్లో వేశారు.

సభ ముగిసేసరికి బడి వేళయింది. ఆయా టైర్ల కొట్టు పక్కకు వెళ్ళి, మనవరాల్ని చంకనెత్తుకుని పద్దెనిమిది మెట్లూ ఎక్కడం మొదలుపెట్టింది. ఆరో మెట్టు మీద ఆగి ఊపిరి పీల్చుకుంది. వెనకాల నేను, నా వెనక పెద్ద మాస్టారు, ఆయన వెనక బడి పిల్లలంతా ఇరుక్కుపోయాం. ప్రార్థనకి ఆలస్యమవుతోంది, కింద ఎండ మాడుస్తోంది.

"కాస్త పక్కకి జరుగు ఆయా, మేం ముందు వెళ్తాం" అన్నాను.

ఆమె గోడకి ఆనుకుని జరిగింది. మేమంతా ఎక్కి వెళ్ళిపోయాం.