రెక్కలున్న పౌరులు

మా వారిన్‌బా కౌన్సిల్ కకాటూలకు పౌరసత్వం ఇచ్చింది. అంతకుముందు అవి ఉత్త పక్షులు. తెల్లగా ఉండి, నెత్తిన పసుపుపచ్చ కుచ్చుతో, చెత్తడబ్బాల మూతలు లేపుకుంటూ బతికేవి. సోమవారం సమావేశంలో మేయర్ రస్సెల్ టిబ్బెట్స్ గారు లేచి, కళ్లద్దాలు తీసి, "ఈ క్షణం నుంచి ఇవి మన రెక్కలున్న పౌరులు" అని ప్రకటించారు. హాలంతా చప్పట్లు. ఆ పౌరులు మాత్రం సమావేశానికి రాలేదు. లైబ్రరీ కప్పు మీద కూర్చుని టీవీ కేబుల్ కొరుకుతున్నారు.

మేయర్ గారిది దూరదృష్టి. పక్షుల్ని చూడ్డానికి టూరిస్టులు వస్తారు, టూరిస్టుల్ని చూసి ఊరు బాగుపడుతుంది. దీన్ని ఆయన విజన్ అంటారు.

మొదటి సంస్కరణ ఇటుకల మీద పడింది. మా వీధిలో ప్రతి చెత్తడబ్బా మూత మీదా, పక్షులు లేపకుండా, ఒక ఇటుక ఉండేది. చెత్త లారీ వచ్చే రోజు పొద్దున్నే దాన్ని దించాల్సి వచ్చేది. ఇటుకున్న డబ్బాను డ్రైవరు ముట్టుకోడు. ఇటుక దించాక, లారీ వచ్చేలోపు, తీగల మీద బారులు తీరి కూర్చున్న కకాటూలకు కాస్త వ్యవధి దొరికేది. కానీ పౌరుల మొహాన ఇటుక పెట్టడం మర్యాద కాదు కనుక కౌన్సిల్ ఇటుకల్ని నిషేధించింది. దాంతో వ్యవధి వారమంతా అయింది. మా కోడి ఎముకలు పక్కింటి గులాబీల్లో తేలాయి. పక్కింటివాళ్లు మానేశామన్న వైన్ తాలూకు అట్టపెట్టెలు మా గుమ్మంలో తేలాయి. ఎవరింట్లో ఏం నడుస్తోందో వీధికంతా తెలిసిపోయింది. మేయర్ గారు దీన్ని పారదర్శకత అన్నారు.

మా ఎదురిల్లు వెర్నా డూలన్‌ది. వీధిలో అందరి జుట్టూ కత్తిరించేది ఆమే. ఆమె వరండాయే ఆమె దుకాణం. ఒక తిరిగే కుర్చీ, ఒక అద్దం, ఊరి కబుర్లన్నీ అక్కడే. ఇల్లు పాతది, వారసత్వ కట్టడం. వరండా అంచున కమ్మీలు దేవదారు చెక్కవి. దేవదారు మెత్తన. కకాటూలకు ముక్కు అరగదీసుకోవడానికి అంతకంటే మంచిది దొరకదు.

ఆ కమ్మీల్ని పరీక్షించడానికి వారసత్వ అధికారి డెరిక్ ఫెన్ గారు వచ్చారు. నేను కుర్చీలో ఉన్నాను, జుట్టు ఒకవైపే అయింది.

"కమ్మీలు బలహీనపడ్డాయి వెర్నా. నెలాఖరులోగా కొత్తవి వేయించకపోతే వరండా మూసేయాలి. ఎవరైనా పడితే కౌన్సిల్‌కి చెడ్డపేరు."

"వరండా మూస్తే నా పొట్ట మూసినట్టే కదయ్యా. సరే, అల్యూమినియంవి వేయిస్తాను."

"కుదరదు. వారసత్వం. దేవదారే ఉండాలి."

"దేవదారు వేస్తే అవి తినేస్తాయి."

"తినవు. కొరికి పడేస్తాయి. మా రిపోర్టులో ఆ తేడా స్పష్టంగా ఉంది."

"అయితే వాటిని తోలేస్తాను."

"పౌరుల్ని తోలకూడదు."

"మరి నన్నేం చేయమంటావు?"

"దేవదారు వేయించు. అవి కొరికాక మళ్లీ దేవదారు వేయించు. పరిరక్షణ అంటే అదే."

ఇంత తేలిగ్గా చెప్పగలిగిన అధికారి మా ఊళ్లో ఉండటం మా అదృష్టం.

ఆ వారమే మేయర్ గారు క్షవరానికి వచ్చారు. వెర్నా ఆయన మెడ దగ్గర కత్తెర పెట్టి గోడు చెప్పుకుంది. ఆయన కదలకుండా విన్నారు. కదిలే వీలు లేదు.

"చూడు వెర్నా, నాదీ ఈ వీధే. నా ఇల్లూ వారసత్వ కట్టడమే. నా బాల్కనీదీ దేవదారే. ఒక్క గాటు చూపించు. ఎందుకు లేదు? నేను వాటిని గౌరవిస్తాను. అవి మనసు చూసి కొరుకుతాయి."

"అంటే నా మనసు మంచిది కాదంటావా రస్?"

"నేననలేదమ్మా. పక్షులంటున్నాయి."

మాట వీధంతా పాకింది. రెండిళ్ల అవతలి హేజెల్ జుట్టు కత్తిరించుకోవడానికి పక్క ఊరు వెళ్లింది. "వెర్నా మంచిదే," అంది నాతో, "కానీ పక్షులకు తెలుస్తుంది." నేను ఇంటికొచ్చి మా కిటికీ చట్రం చూసుకున్నాను. మూలంతా కొరికేసి ఉంది. ఆ రాత్రి మా ఆయనతో కాస్త మంచిగా మాట్లాడాను.

నెలాఖరు ఆదివారం పౌరుల పండుగ. వేదిక మేయర్ గారి బాల్కనీ. కింద సాసేజీలు కాల్చి బ్రెడ్డులో పెట్టి ఇస్తున్నారు. పక్షులకు గింజలు వేయరాదన్న కౌన్సిల్ బోర్డు ఆయన గేటు పక్కనే ఉంటుంది. ఆ రోజు దాని మీద జెండా కప్పారు. టీవీ వాళ్లు మైకు కమ్మీకి కట్టారు. మేయర్ గారు పొద్దుతిరుగుడు గింజలు చల్లి, "రండి సోదరులారా" అన్నారు.

సోదరులు వచ్చారు. గింజలు అయిపోయాక వాళ్లలో పెద్దది కమ్మీ మీద రెండడుగులు నడిచి, తల పక్కకి వంచి చూసి, నోరంతా తెరిచి కొరికింది.

ఠంగ్‌మంది.

మైకు మంచిది. వీధి చివరిదాకా వినిపించింది. పక్షి ఆగింది. ఇలాంటిది తన అనుభవంలో లేనట్టు ఇంకోసారి కొరికింది. ఠంగ్. తర్వాత ముక్కు వాలుగా పెట్టి గోధుమరంగు పెయింటును అరటితొక్కలా ఒలిచింది. పెయింటు కింద కమ్మీ కొత్త గిన్నెలా తళతళలాడింది.

"ఈ పక్షి మన ఊరిది కాదు" అన్నారు మేయర్ గారు.

వెర్నా సాసేజీ నమలడం ఆపింది. "రస్, ఈ దేవదారు ఏ కొట్లో దొరుకుతుంది?"

మేయర్ గారు టీవీ వాళ్లవైపు తిరిగి వాతావరణం గురించి మాట్లాడారు. ఫెన్ గారు తన బూట్లు పరిశీలించారు. హేజెల్ నా పక్కకొచ్చి, వెర్నా దగ్గర రేపు ఖాళీ ఉంటుందా అని అడిగింది.

రెండు వారాల తర్వాత ఫెన్ గారు మళ్లీ తనిఖీకి వచ్చారు. ఈసారి హేజెల్ కుర్చీలో ఉంది, నేను మెట్ల మీద నా వంతు కోసం చూస్తున్నాను. వరండాకు కొత్త కమ్మీలు, గోధుమరంగు. మేయర్ గారి బాల్కనీకి వేసిన మనిషే వేశాడు. తీగల మీద పౌరులు బారులు తీరి చూస్తున్నారు కానీ ఒక్కరూ దిగలేదు.

ఫెన్ గారు వంగి, వేలి కణుపుతో కమ్మీ మీద కొట్టారు. ఠంగ్‌మంది.

వెర్నా కత్తెర ఆగిపోయింది.

ఆయన చెవి దగ్గరగా పెట్టి ఇంకోసారి కొట్టారు.

"మంచి దేవదారు" అని, టోపీ తీసి, మెట్ల మీద నా వెనకాల కూర్చున్నారు. "వెర్నా, నాకు చెవుల మీద కొంచెం తగ్గించాలి."