మూడో ట్రాకులో మోత

"మన పంప్‌హౌస్ చేస్తున్నది మోత కాదు. ప్రపంచస్థాయి సంగీతం!" అని నీటి సరఫరా, సంస్కృతి శాఖల మంత్రిగారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు.

నీటి సరఫరా ఆయన పట్టుబట్టి తీసుకున్న శాఖ. సంస్కృతి ఎవరూ అడగని శాఖ గనుక దాంతోపాటు అంటగట్టారు. ఇన్నాళ్ళకి రెండింటినీ ఒకే వాక్యంలో ఇమడ్చగలిగినందుకు ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఆధారం ఏమిటి సార్?" అన్నాడో విలేకరి.

పీఏ ఒక కాగితం అందించాడు. మంత్రిగారు కళ్ళజోడు సర్దుకుని గంభీరంగా చదివారు.

"'మూడో ట్రాకు అడుగున మొదటినుంచి చివరిదాకా ఒక ఝుంకారం నడుస్తుంది. అది గుండెల్లోకి దిగి కూర్చుంటుంది. ఇంత నిజాయితీ ఉన్న శబ్దం ఈమధ్య ఏ ఆల్బంలోనూ వినలేదు. పదికి తొమ్మిది పాయింట్ ఆరు.' ఇది రాసింది యువ సంగీత విమర్శకుడు. కానీ ఆ పాట కట్టినమ్మాయి ఏమని జవాబిచ్చిందో తెలుసా? 'నా పాటలో గిటారు, నా గొంతు తప్ప ఏమీ లేవు. మీ ఇంటి వెనకాల ఏముందో చూసుకోండి' అంది. చూశాం. మా పంప్‌హౌస్ ఉంది!"

హాల్లో చప్పట్లు మోగాయి. ముందుగా కొట్టింది పంపు బిగించిన కాంట్రాక్టరు. ఆయన మంత్రిగారికి స్వయానా బావమరిది.

సరిగ్గా ఆ సమయానికి యువ సంగీత విమర్శకుడు తన గదిలో ఫోన్లో ఆ ప్రెస్‌మీట్ చూస్తూ, చేతిలో టీ ఒలికిపోతున్న సంగతి కూడా మర్చిపోయాడు.

వీధిలో అతన్ని అందరూ రేటింగు అంటారు. చదువైపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఈలోగా ప్రపంచంలో ఎవరూ వినని ఆల్బంలన్నీ వెతికి విని, నెట్‌లో మార్కులు వేస్తుంటాడు. ఒకమ్మాయి తన వాషింగ్ మెషీన్‌తో కలిసి పాడిన ఆల్బంకి ఆరు పాయింట్ ఎనిమిది ఇచ్చాడు. 'మెషీన్ బాగా పాడింది, అమ్మాయి ఇంకా సాధన చెయ్యాలి' అని రాశాడు. రికార్డింగ్ మధ్యలో కొట్టుకుని విడిపోయిన బ్యాండుకి ఎనిమిది. 'ఆ తలుపు ధడాలున వేసిన చోటు అద్భుతం.' లక్షలమంది విన్న పాట ఏదైనా సరే, నాలుగు దాటదు. పదికి పది మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఇవ్వలేదు. అమ్మ టీకి కూడా ఏడు పాయింట్ ఒకటే.

అలాంటి చెవులు పంపుకీ పాటకీ తేడా తెలుసుకోలేకపోయాయి! పరువు పోయిందనుకున్నాడు. పోయింది పరువు ఒక్కటే కాదని మరుక్షణంలో తెలిసింది.

తలుపు తోసుకుని టైలర్ మాస్టారు లోపలికొచ్చాడు. పంపు మోత బయటికి రాకుండా సౌండ్ కవర్ వెయ్యాలని వీధి తరఫున తిరుగుతున్నది ఆయనే.

"ఒరేయ్ రేటింగూ! నీ చెవుల్లో సీసం పొయ్యా! చెప్పులరిగేలా తిరిగి కవర్ శాంక్షన్ చేయించుకొస్తే, ఒక్క ముక్క రాసి మొత్తం తుడిచేశావు కదరా! కవర్ వేస్తే కళని మూసేసినట్టట! పైగా వెయ్యని కవర్‌కి బిల్లు ఎప్పుడో పాసైపోయిందట!"

"నేను ఆల్బం గురించి రాశాను మాస్టారూ..."

"ఏ ఆల్బం? మా వీధి మొత్తం రోజూ వింటున్న ఆల్బమేగా అది!"

మధ్యగది తలుపు తెరుచుకుంది. అమ్మ. ఆవిడ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సు. పగలు పడుకుంటేనే నిద్ర, పంపు నడిచేదీ పగలే. చెవుల్లో దూది, తలకి తువ్వాలు, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"వాణ్ణి తిట్టకండి అన్నయ్యగారూ. ఏదో చిన్నవాడు," అని కుర్చీలో కూలబడింది. "నాన్నా, రాత్రి ఏం చేశానో తెలుసా? ఒకే పేషెంటుకి రెండుసార్లు జ్వరం చూశాను. పక్క బెడ్డు వాణ్ణి అసలు చూడలేదు. జ్వరం కాబట్టి సరిపోయింది. రేపు అదే ఇంజెక్షన్ అయితే?"

గోడ అవతల పంపు తొమ్మిది పాయింట్ ఆరు స్థాయిలో మోగుతోంది.

మర్నాడు పొద్దున్నే రేటింగు వెళ్ళి పీఏ ఆఫీసులో నిలబడ్డాడు.

"సార్, నా రివ్యూ తప్పు. వెనక్కి తీసుకుంటాను."

పీఏ జాలిగా చూశాడు. "బాబూ, అభిప్రాయం నీ దగ్గర ఉన్నంతకాలం నీది. ప్రభుత్వం స్వీకరించాక అది విధానం. విధానాన్ని నువ్వెలా వెనక్కి తీసుకుంటావు?"

"అయితే పొరపాటు పడ్డానని రాస్తాను. నాకు గిటారుకీ పంపుకీ తేడా తెలియలేదని అందరికీ చెప్పేస్తాను."

ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో అతనికే తెలుసు.

"రాయి," అన్నాడు పీఏ తాపీగా. "మంత్రిగారు దాన్ని వినయం అంటారు. అన్నట్టు, నిన్ను శబ్ద సలహాదారుగా వేశాం. ఇదిగో మెడలో వేసుకునే కార్డు. ఎల్లుండి మీ వీధిలోనే సభ. మీ అమ్మగారికి ముందు వరసలో కుర్చీ."

"ఆవిడ పగలు పడుకోవాలి సార్!"

"కళాకారుల తల్లులు త్యాగమూర్తులు బాబూ," అన్నాడు పీఏ, కళ్ళు చెమర్చాయి కూడా.

సభ రోజు మధ్యాహ్నం వీధిలో షామియానా, కుర్చీలు, పూలదండ వేసిన పంపు. డ్యూటీ నుంచి వచ్చి కన్ను మూయని అమ్మ ముందు వరసలో కూర్చుంది. పక్కన టైలర్ మాస్టారు పళ్ళు నూరుతున్నాడు.

మంత్రిగారు మైకు ముందుకొచ్చి నోరు తెరిచారు. పెదాలు కదిలాయి. పంపు మోతలో ఒక్క ముక్క వినపడితే ఒట్టు. గొంతు పెంచారు. మెడనరాలు ఉబ్బాయి, అంతే.

ఆయన పీఏ చెవిలో ఏదో అరిచారు. పీఏ పంపు ఆపరేటర్ చెవిలో అరిచాడు. ఆపరేటర్ స్విచ్ కిందికి లాగాడు.

పంపు ఆగింది.

నిశ్శబ్దం వీధి మీద దుప్పటిలా పరుచుకుంది. ఎక్కడో కుళాయి చుక్క పడటం వినిపించింది. గోడ మీద పిల్లి ఆవలించింది.

"సోదర సోదరీమణులారా, ఈ మహత్తరమైన సంగీతాన్ని..." అని మంత్రిగారు మొదలుపెట్టారు.

అమ్మ తల మెల్లగా పక్కకి వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆమె వెనక పాపని ఎత్తుకున్నావిడ, ఆ వెనక ముసలాయన, ఒక్కొక్కరే వాలిపోయారు. మంత్రిగారి మాటలకి ఎత్తూ పల్లం లేదు, అర్థం అసలే లేదు. జోలపాటకి కావలసిన లక్షణాలన్నీ ఉన్నాయి.

రేటింగు అమ్మ ముఖం చూస్తూ నిలబడ్డాడు. పంపు వచ్చినప్పటినుంచి ఆ నుదుటి మీద ముడత లేకుండా చూడటం ఇదే మొదటిసారి.

"...అని మనవి చేసుకుంటూ, సెలవు," అన్నారు మంత్రిగారు. ఆపరేటర్ చెయ్యి స్విచ్ మీదికి వెళ్ళింది.

రేటింగు స్టేజి మీదికి ఒక్క దూకు దూకి మైకు లాక్కున్నాడు.

"సార్! ఇంకొక్క మాట చెప్పండి సార్! మీరు సంగీతానికి ఎలా దగ్గరయ్యారు?"

మంత్రిగారు ఆశ్చర్యపోయారు. పదవిలోకి వచ్చాక ఇంకా మాట్లాడమన్న మొదటి మనిషి! ఆపరేటర్‌ని చేత్తో వారించి, తన బాల్యం నుంచి మొదలుపెట్టారు. బాల్యం అయిపోవచ్చేసరికి టైలర్ మాస్టారికి విషయం బోధపడింది. లేచి చేతులు కట్టుకుని, "అయ్యా, తమరి యవ్వనం గురించి కూడా..." అన్నాడు. యవ్వనం తర్వాత పార్టీ మారిన వైనం. పార్టీలు చాలా ఉన్నాయి. గోడ మీది ఎండ నేలకి దిగి, వీధి దాటి వెళ్ళిపోయింది. పీఏ కూడా గురక పెట్టాడు.

ఆ రాత్రి అమ్మ డ్యూటీకి వెళ్తూ జడ వేసుకుంటూ కూనిరాగం తీసింది. అందరి బెడ్ల దగ్గరా ఒక్కొక్కసారే జ్వరం చూసొస్తానంది.

వీధి పెద్దలంతా రేటింగు గదిలో చేరారు. "రోజూ మధ్యాహ్నం ఆయన వచ్చి మాట్లాడితే చాలురా. కవరూ వద్దు, ఏమీ వద్దు. రాయరా నీ రివ్యూ!" అన్నాడు టైలర్ మాస్టారు.

రేటింగు రాశాడు. 'మంత్రిగారి ప్రసంగం మినిమలిజానికి పరాకాష్ఠ. ఇందులో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని ఇంతసేపు నిలబెట్టడం మరెవరికీ సాధ్యం కాదు. రోజూ వినాలనుంది.' చివర మార్కులు వేసే దగ్గర ఆగాడు. ఇంతకాలం కాపాడుకున్న అంకె అది. కళ్ళు మూసుకుని పదికి పది కొట్టాడు.

తెల్లారేసరికి పీఏ ఫోను.

"బాబూ, మంత్రిగారు రెండుసార్లు చదివించుకున్నారు. రోజూ రావాలనే ఉంది కానీ ఆయనకి తీరదు. అయినా ప్రజల కోరిక కాదంటామా? నువ్వు చూస్తూండు."

ఉదయం అమ్మ డ్యూటీ దిగి సందు మొగలోకి వచ్చేసరికి, మంత్రిగారి బావమరిది నిచ్చెన మీదినుంచి దిగుతున్నాడు. పంప్‌హౌస్ నెత్తిన నాలుగు దిక్కులకీ నాలుగు లౌడ్‌స్పీకర్లు తళతళలాడుతున్నాయి. పంపు మోతలో కూడా స్పష్టంగా వినపడాలని బాగా పెద్దవి తెచ్చారు.

ఆపరేటర్ ముందు పంపు వేశాడు. తర్వాత సభలో రికార్డు చేసిన ప్రసంగం వేశాడు.

అమ్మ వాకిట్లో ఆగి, కొడుకు చెవి దగ్గరికి వచ్చి అరిచింది. "దీనికి ఎంతిచ్చావురా?"

రేటింగు రెండు చేతుల వేళ్ళూ చూపించాడు.

ఆవిడ లోపలికెళ్ళి, తలగడ చంకన పెట్టుకుని, వచ్చిన దారినే ఆసుపత్రి వైపు నడిచింది. "అమ్మా, ఆగు!" అని రేటింగు వెంటపడ్డాడు. ఆ కేక ఆమెకి చేరలేదు.

అంతకన్నా వంద రెట్లు గట్టిగా, నాలుగు దిక్కులనుంచీ, అతని గొంతే వీధంతా మారుమోగుతోంది.

"సార్! ఇంకొక్క మాట చెప్పండి సార్!"